సంతకానికొచ్చిన మొగడు

గోదావరి మంచం కాడ వంగి సూసింది. దుప్పటి నలిగి ఉన్నది గని, తలగడ మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉన్నది.

"ఈమె పండుకోలే," అన్నది. "రాత్రంత కూసునే ఉన్నది."

తలుపు కాడ నిలవడ్డ ఆయా హన్మవ్వ నోరు తెర్సింది. "నీకెట్ల తెల్సక్కా? అవ్, పండుకుంటే దమ్మొస్తదని గోడకు ఆనుకోని కూసున్నది. జర నడుం వాల్చరాదు బిడ్డా అని నేనే రెండుసార్లు అడిగిన."

టౌన్ల కంఠేశ్వర్ బస్తీల గిదొక నర్సింగ్ హోం. కింద మందుల దుకాణం, మీద ఆరు రూములు. నిన్న పొద్దున ఇగ ఆపరేషన్‌కు తీస్కపోతరనంగ, గీ కొసకున్న రూంల నుంచి శ్రీవాణి అనే పిల్ల మాయమైంది. చందూర్ రైతు భూమేష్ పెండ్లాం. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఇప్పుడు మల్ల నాలుగో నెల.

నిన్న పొద్దుగూకే యాళ్లకు భూమేష్ గోదావరి రూంకొచ్చిండు. గోదావరి ఒకప్పుడు హెడ్ కానిస్టేబుల్. నౌకరీ ఇడిసిపెట్టినంక టిఫిన్ సెంటర్ మీద ఒక రూం కిరాయికి తీస్కొని పెండ్లి ఎంక్వైరీలు చేస్కుంట బతుకుతున్నది. పిలగాడు తాగుతడా, పిల్లకు ముందేమన్న కథ ఉన్నదా, దుబాయ్‌ల నౌకరీ నిజమేనా, గివే ఆమె కేసులు. అసొంటి గోదావరి ముంగట భూమేష్ చేతులు జోడిచ్చి ఎక్కెక్కి ఏడ్సిండు.

"ఎవడో లంగ దొంగ నేనే మొగన్ని అని నా పేరు మీద సంతకం పెట్టిండక్కా. ఆస్పత్రోళ్లు నాకు ఫోన్ చేసినప్పుడు నేను పొలంల ఉన్న. ఉరికొచ్చేసరికి మనిషి లేదు. తల్లి గూడ లేని పిల్ల, ఏడికి పోతది? నువ్వే దొర్కవట్టాలె."

ఏడుపు మాత్రం నిజం ఏడుపే. గోదావరి తన సర్వీసుల దొంగేడుపులు మస్తు సూసింది గనక గా తేడా తెలుస్తది. అందుకే ఒప్పుకున్నది.

"ఆ పిల్ల ఎంబడి ఎవలన్న ఉన్నరా హన్మవ్వా?"

"తల్లి ఉండె గద. ముసలవ్వ."

గోదావరి గిర్రున తిరిగింది. "తల్లా?"

"తల్లే అనుకున్న అక్కా. కాళ్లొత్తుడు, నీళ్లు తాపుడు, అన్ని ఆమెనే సూస్కున్నది. మాట మాత్రం తక్కువ."

"ఈ పిల్ల తల్లి సచ్చిపోయి శానా ఏండ్లయిందట."

హన్మవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. "అయ్యో! మరి గామె ఎవలు?"

గప్పుడే డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. మొకంల నిద్ర లేదు. గోదావరి ముచ్చట సాగదీయకుండ అడిగింది.

"మేడం, శ్రీవాణికి గుండె జబ్బు ఉన్నదా?"

"మీకెవరు చెప్పిండ్రు?"

"గీ మంచం సెప్పింది."

డాక్టరమ్మ కుర్చీల కూలబడ్డది. "గుండెల వాల్వు సన్నబడింది. రెండో కాన్పుకే చావు అంచుదాక పోయొచ్చింది. ఇంకో కాన్పు వద్దని అప్పుడే ఆమె భర్తకు చెప్పిన. మూడోసారి నెలలు నిండనిస్తే ఆమె బతుకుతదని నేను మాటియ్యలేను. కడుపు తీసెయ్యి, పిల్లలు కాకుండ ఆపరేషన్ గూడ చెయ్యమని ఆమెనే వచ్చి అడిగింది."

భూమేష్ అంత ఏడ్సిండు గని గీ ఒక్క ముక్క సెప్పలే.

"ఆమెనే అడిగినప్పుడు మొగని సంతకం ఎందుకు మేడం?"

డాక్టరమ్మ కిటికీ దిక్కు సూసింది. "చట్టంల ఆమె సంతకం ఉంటే చాలు."

"మరి?"

"ఒకామెకు గట్లనే చేసిన. మొగడు మందినేస్కొని వచ్చి కింద అద్దాలన్ని పలగ్గొట్టిండు. పోలీసులొచ్చి నన్నే అడిగిండ్రు, ఆయన్ను అడగకుండ ఎందుకు చేసినవని. గప్పటి సంది మొగని సంతకం లేంది ముట్టుకుంటలేం."

"అద్దాలు పలుగుతయని మనిషి పానం పోనిస్తరా?"

డాక్టరమ్మ మెల్లగ అన్నది. "నిన్న ఆపరేషన్ టైం చెప్దామని రిసెప్షన్ పిల్ల పాత కాన్పుకు ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేసింది. అటు అసలు మొగడు ఎత్తిండు; ఇక్కడ సంతకం పెట్టినోన్ని నేను చూడనే లేదు, నర్సులే కాయితం తీస్కున్నరు. గది తెల్వంగనే ఇటు మనిషి మాయమైంది. గోదావరమ్మా, ఆమె దొరికితే నా కాడికే తీస్కరా. ఈసారి ఆమె ఒక్క సంతకం మీదనే చేస్త. కని ఐదో నెల దాటనియ్యకు. దాటితే గా గుండెతోటి నేను చెయ్యలేను, ఇంకెవరు గూడ చెయ్యరు."

డాక్టరమ్మ పోయినంక గోదావరి తలగడ లేపింది. కింద పసుపు దారం, దానికొక పసుపుకొమ్ము.

"గిదా, నేనే తీయించిన," అన్నది హన్మవ్వ. "లోపలికి పోయేటప్పుడు మెడల ఏముండొద్దు. బంగారు పుస్తె ఇంటి కాడనే పెట్టి, దాని జాగల గీ దారం కట్టుకొని వచ్చింది. ఉరుకుల పరుగుల ఇడిసిపెట్టి పోయినట్టున్నది."

గోదావరి కొమ్మును ఎలుగుకు పట్టి సూసింది. రెండు కొమ్ములు అతికి పుట్టిన జంట కొమ్ము. పాలిష్ పట్టలే, అంటే దుకాణంల కొన్నది కాదు. ఒక పక్కకు నల్లగ మసి పట్టి ఉన్నది. ముక్కు కాడ పెట్టుకుంటే నూనె దీపం వాసన. ఏండ్ల సంది ఎవలింట్లనో దేవుని దీపం పక్కకు పెట్టుకున్న కొమ్ము గిది.

మెట్ల మీద బూట్ల సప్పుడైంది. టౌన్ ఎస్సై నాగేందర్. గోదావరి చేతి కింద పని నేర్సుకున్నోడే, ఇప్పుడు భుజం మీద చుక్కలు పడ్డంక నడక మారింది. ఎన్క ఒక కానిస్టేబుల్, కానిస్టేబుల్ చేతిల ఒకని కాలరు.

"గోదావరక్కా, పెండ్లి ఎంక్వైరీకి వచ్చినవా?" అన్నడు నాగేందర్. "కేసు ఖతం. వీడే దొంగ మొగడు. దేవన్న. ఆస్పత్రి ముంగట ఆటో నడుపుతడు. ఆమెతోటి కథ నడిపిండు, బంగారం తెప్పిచ్చుకున్నడు, పిల్లను ఏడనో దాచిపెట్టిండు. రెండు తగిలిస్తే జాగ చెప్తడు."

"బంగారం ఇంటి కాడ పెట్టింది, ఈనికి ఇయ్యలే."

"నీకెట్ల తెల్సు?"

"లేసిపోయే ఆడిది మొగడు సల్లగుండాలెనని మెడల పసుపుకొమ్ము కట్టుకుంటదా నాగేందర్? నీ లెక్క నువ్వే ఇను జర."

నాగేందర్ కొమ్మును సూసి మూతి తిప్పిండు. "దారం ముక్క పట్టుకొని కేసు తేల్చుడు నీకే చెల్లింది."

"ఇతన్ని నేనొక్క మాట అడగొచ్చా సారూ?" గా 'సారూ' అనేకాడ గోదావరి జర ఒత్తి పలికింది.

దేవన్న యాభై ఏండ్లోడు. పెదవి పలిగి ఉన్నది. గోదావరి నీళ్ల గిలాస ఇచ్చింది, తాగేదాక ఆగింది.

"ఎన్నిసార్లు పెట్టినవ్ గిసొంటి సంతకాలు?"

"లెక్క లేదమ్మా." దేవన్న తల వంచుకున్నడు. "మన దిక్కు మొగోళ్లంత మస్కట్, దుబాయ్‌ల ఉండిరి. ఇక్కడ ఆడిమనిషికి నొప్పులొచ్చి ఒర్లుతుంటే, మొగని సంతకమేదంటరు. ఇమానం ఎక్కి రావాల్నా? తొలుత ఒక పిల్ల ఏడుస్తుంటే సూడలేక పెట్టిన. గప్పటి సంది ఎవలకు అవసరమైనా నన్నే పిలుస్తరు. ఒక్క ఆడిమనిషి మీద నేను చెయ్యేస్తే నా చెయ్యి తీసెయ్యుండ్రి."

"గీ సంతకానికి నిన్ను పిలిసింది ఎవలు?"

"ముసలవ్వ. ఏ ఊరో, ఏ పేరో సెప్పలే. మస్తు తిక్క మనిషమ్మా. పిల్ల పక్కకు కుర్చీల కూసుంటే లే అని కొట్టినంత పని చేసింది, గోడ కాడ నిలవడుమన్నది." దేవన్నకు గా బాధల గూడ నవ్వొచ్చింది. "సంతకం పెట్టుమని కాయితం ఇస్తిరి గద, భూమేష్ అని రాయవోతుంటే నా చేతి మీద ఒక్కటిచ్చింది. చెప్పులిడువు అన్నది. గా పేరు చెప్పులతోటి రాయొద్దట! నా పెండ్లప్పుడు గూడ గంత నిష్ఠగ లేను."

నాగేందర్ పక్కున నవ్విండు. హన్మవ్వ నవ్వింది. గోదావరి నవ్వలే.

ఎవలో పరాయి మొగని పేరు రాస్తే చెప్పులెందుకు ఇడువాలె? పుట్టినప్పుడు గా పేరును సెవుల సెప్పి పెట్టుకున్న మనిషైతే ఇడువుమంటది. తన ఇంటి దేవుని కాడి కొమ్ము తెచ్చి, మొగన్ని మోసం చేసే పని చేయిచ్చుకుంటనే, గా మొగని ఆయుష్షుకు కోడలి మెడ బోసిగ ఉండొద్దని గూడ ఆమెనే సూస్తది. లోకంల గిట్ల రెండు దిక్కులా గుంజుకునే మనిషి ఒక్కతే ఉంటది.

"ఏందక్కా, ఏమన్న తెల్సిందా?" నాగేందర్ కండ్లు సన్నగ జేసిండు.

"నాకేం తెలుస్తది. నేను పెండ్లి ఎంక్వైరీలదాన్ని."

"గదే మంచిగుంటది నీకు. గదే చేస్కో."

"నీ పెండ్లికి నేనే చేసిన ఎంక్వైరీ, యాదికున్నదా? పిల్ల దిక్కోళ్లకు నీ గురించి సగమే సెప్పిన. మిగిలిన సగం నా కాడనే ఉన్నది. ఈ దేవన్న మీద ఇంకో దెబ్బ పడ్డదనుకో, గా సగం మీ ఆమెకు సెప్త."

కానిస్టేబుల్ అటు తిరిగి దగ్గిండు. నాగేందర్ మొకం ఎర్రగయింది.

గోదావరి స్కూటీ చందూర్ చేరేసరికి మిట్ట మధ్యాన్నం. భూమేష్ ఇల్లు ఊరి కొసకు ఉన్నది. వాకిలి పెద్దది. ఒక దిక్కు ఎండబోసిన పసుపు, ఇంకో దిక్కు రేకుల పసుపు అర్ర, అర్ర గోడకు ఆనిచ్చి కొమ్ములు పాలిష్ పట్టే ఇనుప డ్రమ్ము. పిల్లలు బడికి పోయిండ్రు. భూమేష్ తండ్రి పొలం కాడ. భూమేష్ తల్లి ఈరవ్వ ఒక్కతే అరుగు మీద కూసోని కొమ్ములు ఏరుతున్నది.

"నీళ్లు తాగుతవా బిడ్డా?"

"తాగుత అవ్వా. ఎండ మస్తున్నది."

ఈరవ్వ లోపలికి పోంగనే గోదావరి గూడ ఎన్కనే పోయింది. దేవుని గూట్ల దీపం ఎలుగుతున్నది. గోడంత మసి. గా మసి నడుమ ఒక్క జాగ మాత్రం తెల్లగ ఉన్నది, జంట కొమ్ము ఆకారంల.

గోదావరి దారం తీసి గా తెల్ల జాగ మీద పెట్టింది. సరిగ్గ కూసున్నది.

ఈరవ్వ నీళ్ల చెంబు కింద పెట్టింది.

"నా కొడుకుకు సెప్పినవా?"

"ఇంక లేదు."

"సెప్పకు." ముసలామె గొంతు గట్టిగనే ఉన్నది. "నేను తొమ్మిది కాన్పులయిన దాన్ని బిడ్డా. బతికింది గీ ఒక్కడు. సచ్చినోళ్లను ఒక్కొక్కల్ని బొందలగడ్డకు తీస్కపోతుంటే నన్నెవలన్న అడిగిండ్రా, ఇంకోటి వద్దా అని? నా కోడలు పోయినసారి నీల్గి నల్లగైతుంటే నేనే పక్కకున్న. డాక్టరమ్మ సెప్పింది నేనిన్న, ఆడు గూడ ఇన్నడు. అయినా ఆనికి కొడుకు కావాలె. మొగని సంతకం లేంది చెయ్యం అంటిరి. మొగడు పెట్టడాయె. అది చుట్టాలింటికని, నేను జాతరకని ఆనికి అబద్ధం సెప్పి పోయినం. నేనేం చెయ్యాలె?"

"శ్రీవాణి ఏడున్నది అవ్వా? డాక్టరమ్మ ఒప్పుకున్నది. ఇగ ఎవని సంతకం అక్కర లేదు. నేను తీస్కపోత."

ఈరవ్వ ఆమె మొకంల మొకం పెట్టి సూసింది, నమ్మాల్నా వద్దా అన్నట్టు. గప్పుడే గోదావరి ఫోన్ మోగింది. భూమేష్.

"అక్కా, ఏమన్న జాడ దొరికిందా? ఏడున్నవ్?"

"బోధన్‌ల ఉన్న తమ్మీ. బస్టాండ్ కాడ అడుగుతున్న."

వాకిట్ల కట్టేసిన కుక్క చెరుకు ట్రాక్టర్‌ను సూసి మొరుగుడు పెట్టింది. బొంగురు గొంతు దానిది, మొరుగుడు నడుమ దగ్గుతది.



"మా కుక్క బోధన్‌కు ఎప్పుడొచ్చిందక్కా?" అన్నడు భూమేష్. ఫోన్ బందయింది.

"ఆడు ఏడున్నడు?" గోదావరి తలుపు దిక్కు నడుసుకుంటనే అడిగింది.

"జర ముందే ఫోన్ చేసిండు, ఇగో వర్ని సడక్ మీదనే ఉన్నడట. పోలీసాయనకు కోడలి ఫోటో కావాల్నట, తోల్కొస్తనన్నడు."

ఇద్దరు వాకిలి అడ్డం ఉరికిండ్రు. ఈరవ్వ పసుపు అర్ర తలుపు తెర్సింది. కప్పు దాక బస్తాలు. ఒక కొసకు రెండు బస్తాలు జరిపితే ఎన్క మనిషి పట్టేంత సందు. గా సందుల మోకాళ్లకు తల ఆనిచ్చి కూసున్నది శ్రీవాణి. జుట్టు మీద, రెప్పల మీద పసుపు దుమ్ము.

"ఊరంత ఎతుకుతడు గని ఇల్లు ఎతకడనుకున్న," అన్నది ఈరవ్వ.

శ్రీవాణి తలెత్తింది. ఒక్కో మాటకు ఆగి దమ్ము తీస్కుంటున్నది. "ఎవలక్కా నువ్వు? ఆయన పంపిండా?"

"ఆయన పంపితేనే వచ్చిన. ఇప్పుడు నీకోసం ఉన్న. లెవ్వు, ఆస్పత్రికి పోదాం. నీకు ఇష్టమేనా? నీ నోటితోటి సెప్పు."

శ్రీవాణి నవ్వవోయింది, దగ్గొచ్చింది. "గీ మాట నన్నడిగింది నువ్వొక్కదానివే. ఇష్టమే అక్కా. నాకు బతకాలెనని ఉన్నది. నా పిల్లల జడలు నేనే అల్లాలె."

చెరోపక్క పట్టుకొని లేపిండ్రు. అర్ర నడుమకు వచ్చేసరికే వాకిట్ల బండి ఆగింది. తలుపు కాడ ఎలుగు మూసుకపోయింది. ముంగట భూమేష్, ఎన్క నాగేందర్.

భూమేష్ పెండ్లాన్ని సూడలే. తల్లిని సూసిండు.

"అవ్వా? నువ్వా?"

ఈరవ్వ కోడలి చెయ్యి ఇడువలే.

గోదావరి ముంగటికి నడిసింది. "నాగేందర్, మంచి టైముకొచ్చినవ్. ఈమెకు గుండె జబ్బు. దమ్ము అందుతలేదు. ఆస్పత్రికి తీస్కపోదాం పట్టు."

"సార్," అన్నది శ్రీవాణి. "నేనే అడుగుతున్న. నన్ను తీస్కపోండ్రి."

నాగేందర్ టోపీ తీసి తల గోక్కున్నడు. "అమ్మా, నువ్వు తప్పిపోయినవని నీ భర్త కంప్లైంట్ ఇచ్చిండు. నువ్వు నీ ఇంట్లనే ఉన్నవ్. ఇగ కేసేడిది?"

"ఆమె మాట నీకు ఇనవడ్తలేదా?" గోదావరి అరిసింది.

"ఇనవడ్డది అక్కా. మొగడు పక్కకే ఉన్నడు గద, ఆయన తీస్కపోతడు. ఆయన సరే అంటే అంబులెన్స్ నేనే పిలుస్త. ఏం భూమేష్?"

"నేను సూస్కుంట సార్," అన్నడు భూమేష్, మెత్తగ.

"అయిపోయింది. ఆ దేవన్నను గూడ ఇడిసిపెడ్త, నీ మాట దక్కింది. నువ్వు రా అక్కా, ఇది ఇంటోళ్ల ముచ్చట."

గోదావరి కదలలే. "నేను గీమె లేంది రాను."

"నీ ఇష్టం."

బండి సప్పుడు సడక్ ఎక్కి సన్నబడ్డది. గది పూర్తిగ పోయేదాక భూమేష్ అట్లనే నిలవడ్డడు. తర్వాత చెయ్యి చాపి గోదావరి చేతిల ఫోన్ గుంజుకున్నడు. కొట్టలే, తిట్టలే. కండ్ల నిండ నీళ్లు.

"నాకు దాని మీద పగ లేదక్కా. ప్రాణం లెక్క సూస్కుంట. నెలలు నిండినంక హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్ కాడ పెడ్త, మాట్లాడొచ్చిన. ఐదో నెల దాటేదాక దీన్ని ఆస్పత్రి గడప తొక్కనియ్య, గంతే. అవ్వా, నువ్వు బయటికి రా."

ఈరవ్వ కోడలిని బస్తాకు ఆనిచ్చి కూసోబెట్టింది. తను పక్కకు కూసున్నది. పమిట చెంగుతోటి కోడలి మొకం మీది దుమ్ము తుడుస్తున్నది.

"అవ్వా, రమ్మంటున్న."

"నేను రాను పో. నీకు ఇద్దరం కావాల్నంటే ఇద్దర్ని బయటికి తీయి."

భూమేష్ తలుపు మూసిండు. బయట గొళ్లెం పడ్డది.

గోదావరి తలుపు మీద గుద్దింది. ఒక్కసారి, పదిసార్లు. కప్పు కింద చెయ్యి పట్టేంత సందు ఉన్నది. బస్తా ఎక్కి గా సందుల నోరు పెట్టి, "ఎవలన్న ఉన్నరా! తలుపు తియ్యుండ్రి!" అని గొంతు చించుకున్నది. సడక్ మీద ఎవలో సైకిల్ ఆపినట్టు సప్పుడైంది. "ఏంది భూమేష్, ఎవలు అరుస్తున్నరు?" అన్న మాట గూడ ఇనవడ్డది.

దానికి జవాబుగ మోటార్ షురువైంది. గోడకు ఆనిచ్చిన పాలిష్ డ్రమ్ము గరగర తిరుగుడు పెట్టింది. కొమ్ములు ఇనుముకు రాసుకుంట లోపల గోడ గూడ వణికింది. గోదావరి అరుపు ఆమె సెవులకే ఇనవడకుండయింది. ఇక సైకిలాయనకు ఏమినవడ్తది?

డ్రమ్ములకెల్లి లేసిన దుమ్ము కప్పు కింది సందులకెల్లి లోపలికి వస్తున్నది. ఎండ పొడల తొలుత సన్నగ కనవడ్డది. తర్వాత చిక్కగ. గోదావరి తన చీర కొంగు చించి గా సందుల కుక్కింది. ఒక సందు మూస్తే పక్క సందుల నుంచి వస్తున్నది.

ఎన్క నుంచి ఈరవ్వ చెయ్యి గోదావరి కాలు పట్టి గుంజింది. ముసలామె ఏదో అంటున్నది. పెదవులు కదులుతున్నయ్, మాట ఇనవడ్తలేదు. గోదావరి కిందికి దిగి సూసింది.

శ్రీవాణి ముంగటికి వంగి, రెండు చేతులతోటి నేలను పట్టుకొని ఉన్నది. నోరు తెర్సి గాలి గుంజుతున్నది, గాలితోటి పసుపు గుంజుతున్నది. మొకమంత పచ్చగ ఉన్నది గని, పెదవులు మాత్రం నీలం రంగుకు తిరిగినయ్.

బయట తన పెండ్లాన్ని బతికిచ్చుకుంటున్ననుకుంట, భూమేష్ డ్రమ్ముల ఇంకో బస్తా కుమ్మరిచ్చిండు.